ఫ్లోరెన్స్ నుంచి పీసా, లుక్కా ఒక్కరోజు ట్రిప్: ముందు తిరుగు రైలు చూసుకోండి

పోయిన ఎపిసోడ్‌లో ఫ్లోరెన్స్ సిటీ తిరిగాం కదా. ఈరోజు ఫ్లోరెన్స్‌లోనే బస ఉంచుకుని, పొద్దున్నే రైలెక్కి పీసా, లుక్కా రెండూ చూసుకుని రాత్రికి వెనక్కి రావడం ఎలాగో చెప్తాను.

మీలో చాలామంది అడిగేది ఒకటే. "బ్రో, పీసా టికెట్ ఎన్ని రోజుల ముందు బుక్ చేయాలి?" జవాబు: అసలు అక్కర్లేదు. మీరు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. తిరిగొచ్చే రైలు ఎన్నింటికి? నేను ఇది సరిగ్గా చూసుకోలేదు. అందుకే ఒక ఆదివారం సాయంత్రం అమ్మ, నాన్న, నేను లుక్కా స్టేషన్‌లో బెంచీ మీద కూర్చుని, రాని రైలు కోసం పట్టాల వైపు చూస్తూ ఉండిపోయాం. ఆ కథకి తర్వాత వస్తా. ముందు బేసిక్స్.

ఇటలీలో రైళ్లు రెండు రకాలు అనుకోండి. ఒకటి హైస్పీడ్. ఫ్రెచ్చారోస్సా, ఇటాలో లాంటివి. ఫ్లోరెన్స్ నుంచి రోమ్‌కి గంటన్నరలో దింపేస్తాయి. వీటికి సీట్ నంబర్ ఉంటుంది, రేటు ఫ్లైట్ టికెట్‌లా మారుతుంటుంది, ముందు కొంటే చవక. రెండోది రీజనల్. మన ప్యాసింజర్ రైల్లో జనరల్ టికెట్ లాంటిదే. సీట్ నంబర్ లేదు, రేటు ఫిక్స్‌డ్. మూడు నెలల ముందు కొన్నా, రైలుకి పది నిమిషాల ముందు కొన్నా అదే ధర. ఫ్లోరెన్స్ నుంచి పీసాకి ఒక్కొక్కరికి సుమారు 10 యూరోలు, దాదాపు గంట ప్రయాణం. ఐఆర్‌సీటీసీ అలవాటుతో మనకి ముందే బుక్ చేయకపోతే నిద్ర పట్టదు గానీ, ఇక్కడ ఆ టెన్షన్ వద్దు.

టెన్షన్ వేరేచోట ఉంది. మెషీన్‌లో కాగితం టికెట్ కొంటే, రైలెక్కే ముందు ప్లాట్‌ఫాం దగ్గరున్న చిన్న డబ్బాలో పెట్టి స్టాంప్ కొట్టించాలి. అప్పట్నుంచి నాలుగు గంటలు చెల్లుతుంది. కొట్టించకపోతే డబ్బులు పెట్టి టికెట్ కొన్నా సరే, టీసీ ఫైన్ వేస్తాడు. "నేను టూరిస్టుని అండీ, తెలీదు" అంటే వినరు. యాప్‌లో కొన్న రీజనల్ టికెట్‌కి స్టాంప్ ఉండదు కానీ, ఎక్కే ముందు చెక్-ఇన్ అని ఉంటుంది, అది నొక్కాలి. టీసీని చూసి అప్పుడు నొక్కుదాంలే అనుకోవద్దు.

ఇంకోటి. స్టేషన్ బోర్డు మీద ఫ్లోరెన్స్ అని ఉండదు, ఫిరెంత్సె అని ఉంటుంది. మీకు కావాల్సిన మెయిన్ స్టేషన్ సాంతా మరియా నొవెల్లా. అక్కడికెళ్లి పెద్ద బోర్డులో పీసా కోసం వెతికితే కనపడకపోవచ్చు. ఎందుకంటే బోర్డు మీద పెద్దక్షరాల్లో రైలు ఆఖరి స్టేషన్ పేరే వేస్తారు. పీసా మీదుగా వెళ్లే రైలు చాలాసార్లు లివోర్నోది అయ్యుంటుంది. లుక్కా రైలు వియారెజ్జోది అయ్యుంటుంది. కాజీపేట వెళ్లాలంటే బోర్డు మీద కాజీపేట అనే ఉండాలని లేదు కదా, బల్లార్షా వైపు వెళ్లేది ఏదైనా ఎక్కుతాం. అదే లెక్క. యాప్‌లో రైలు నంబర్ చూసుకుని, బోర్డు మీద ఆ నంబర్ వెతకండి. బినారియో అంటే ప్లాట్‌ఫాం.

రూట్ విషయానికొస్తే ఇది ఒక త్రిభుజం. ఫ్లోరెన్స్ నుంచి ఎంపోలి మీదుగా పీసా. పీసా నుంచి అరగంటలో లుక్కా. లుక్కా నుంచి పిస్తోయా, ప్రాతో మీదుగా గంటా ఇరవై నిమిషాల్లో మళ్లీ ఫ్లోరెన్స్. వెళ్లిన దారిలోనే తిరిగి రాకుండా రెండు ఊళ్లు అయిపోతాయి. మూడు టికెట్లూ విడివిడిగా కొనుక్కోవడమే.

పీసా చెంత్రాలేలో దిగితే టవర్ దాకా నడక ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు. ఆర్నో నది దాటుకుంటూ వెళ్లొచ్చు, బాగుంటుంది. కానీ లుక్కా వెళ్లేటప్పుడు అంత దూరం వెనక్కి నడవక్కర్లేదు. టవర్‌కి దగ్గర్లోనే పీసా సాన్ రొస్సోరె అని చిన్న స్టేషన్ ఉంది, లుక్కా రైళ్లు అక్కడ ఆగుతాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వెళ్తే ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. మా నాన్న ఆరోజు నన్ను మెచ్చుకున్నది దీనికి మాత్రమే.

టవర్ గురించి ఇంజనీర్‌గా రెండు ముక్కలు చెప్పకపోతే నా బీటెక్‌కి అవమానం. 1173లో కట్టడం మొదలుపెట్టారు. మూడో అంతస్తుకి వచ్చేసరికే కింద మెత్తటి నేల కుంగి ఒక పక్కకి ఒరిగింది. తర్వాత యుద్ధాల వల్ల దాదాపు వందేళ్లు పని ఆగిపోయింది. ఆ గ్యాప్‌లో మట్టి గట్టిపడింది కాబట్టే నిలబడింది, ఆపకుండా కట్టుకుంటూ పోయుంటే అప్పుడే పడిపోయేదని నిపుణులు చెప్తారు. ప్రాజెక్ట్ లేట్ అవ్వడం వల్ల బతికిపోయిన ప్రాజెక్ట్ నాకు తెలిసి ఇదొక్కటే! 1990లో మూసేసి, ఉత్తరం వైపు పునాది కింద నుంచి కొంచెం కొంచెం మట్టి తీసి, పైభాగాన్ని 40 సెంటీమీటర్లకు పైగా వెనక్కి లాగారు. 2001లో మళ్లీ తెరిచారు. పైకి ఎక్కాలంటే టైమ్ స్లాట్ టికెట్ ఉండాలి. 8 ఏళ్ల లోపు పిల్లల్ని పంపరు, బ్యాగులు కిందే పెట్టాలి. రోజు మొత్తంలో టైమ్ ముందే ఫిక్స్ చేసుకోవాల్సింది ఈ స్లాటే కాబట్టి, రైలు దిగాక కనీసం గంట గ్యాప్ ఉంచుకోండి.

లుక్కా స్టేషన్ కోటగోడకి ఎదురుగానే ఉంటుంది. ఆ గోడ చుట్టూ 4 కిలోమీటర్ల పైచిలుకు, పైన చెట్లతో రోడ్డులాగా ఉంటుంది. సైకిల్ అద్దెకి తీసుకుని తిరగొచ్చు. మా అమ్మ శాకాహారి, ఇటలీలో రోజూ బ్రెడ్, చీజ్ తిని విసుగొచ్చేసింది. ఇటువైపు చెచీనా అని దొరుకుతుంది, శనగపిండి, నీళ్లు, నూనె, ఉప్పు, అంతే. ఒక ముక్క తిని "ఇది మన శనగపిండి అట్టే కదరా" అని ఇంకోటి కొనిపించుకుంది.

ఇప్పుడు ఆ ఆదివారం కథ. మర్నాడు పొద్దున్నే రోమ్ నుంచి అమ్మానాన్నల ఫ్లైట్. అందుకని ఆరోజు రాత్రికే ఫ్లోరెన్స్ నుంచి రోమ్‌కి హైస్పీడ్ రైల్లో టికెట్లు కొనేశా. లగేజీ కూడా ఫ్లోరెన్స్ స్టేషన్‌లో డిపాజిట్ చేసి బయల్దేరాం. చవగ్గా వస్తున్నాయని అన్నిటికన్నా తక్కువ రేటు కేటగిరీ కొన్నా. అంటే మార్పు లేదు, రిఫండ్ లేదు. లుక్కా నుంచి ఐదున్నర రైలు పట్టుకుంటే సరిపోతుందని గురువారమే యాప్‌లో చూసిపెట్టుకున్నా. చూశాను కానీ తేదీ మార్చకుండా చూశా! నేను చూసింది గురువారం టైమ్‌టేబుల్.

స్టేషన్‌కి వెళ్తే స్క్రీన్ మీద ఆ రైలే లేదు. గోడకున్న పసుపు రంగు షీట్ చూశా. పసుపుది బయల్దేరే రైళ్లది, తెల్లది వచ్చే రైళ్లది. దానిలో ఐదున్నర రైలు ఉంది, పక్కనే రెండు సుత్తులు అడ్డంగా పెట్టిన చిన్న గుర్తు ఉంది. దాని అర్థం ఫెరియాలి, అంటే సోమవారం నుంచి శనివారం దాకా నడిచే పనిదినాల రైలు. సిలువ గుర్తు ఉంటే ఫెస్తీవి, ఆదివారాలు, పండగలు. ఆఫీసులో ఆరేళ్లు ఇన్‌పుట్ తేదీలు చెక్ చేసే కోడ్ రాసిన నేను, అమ్మానాన్నల్ని తీసుకెళ్లిన రోజు డేట్ చెక్ చేయలేదు.

తర్వాత రైలు గంట ఆలస్యంగా వచ్చింది. మేము ఫ్లోరెన్స్ చేరేసరికి రోమ్ రైలు వెళ్లిపోయింది. అప్పటికప్పుడు ఆఖరి రైలుకి ముగ్గురికి టికెట్లు కొంటే, ముందు కట్టినదానికి మూడింతలు పైనే అయ్యింది. నాన్న ఏమీ అనలేదు. కాసేపు పైకి చూసి, యూరోలని రూపాయల్లోకి మార్చుకుంటున్నారని మొహం చూస్తేనే తెలిసిపోయింది. అమ్మ మాత్రం "పోనీలేరా, ఫ్లైట్ పోలేదుగా" అంది.

కాబట్టి నేనిప్పుడు ప్లాన్ వెనక నుంచి వేస్తా. ముందు యాప్‌లో వెళ్లే తేదీ పెట్టి, లుక్కా నుంచి ఆఖరి రైలు ఏదో చూస్తా. దానికంటే రెండు రైళ్ల ముందుది నా రైలు అనుకుంటా. అక్కణ్నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ లుక్కాకి మూడు గంటలు, పీసాకి మూడు గంటలు, పొద్దున బయల్దేరే టైమ్. రిఫండ్ లేని హైస్పీడ్ టికెట్‌ని సైడ్ ట్రిప్ రోజు రాత్రికి అస్సలు పెట్టను, మర్నాటికి పెడతా. పెట్టక తప్పకపోతే కాస్త ఎక్కువైనా మార్చుకోగలిగే టికెట్ కొంటా.

ఇంకొక్కటి, షోపెరో అనే మాట. అంటే సమ్మె. ఇటలీలో రైల్వే సమ్మెలు మామూలే, కానీ ముందే ప్రకటిస్తారు. పనిదినాల్లో సమ్మె ఉన్నా పొద్దున 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 మధ్య కొన్ని రీజనల్ రైళ్లు కచ్చితంగా నడపాలి. ఆదివారం ఆ గ్యారంటీ ఉండదు. వెళ్లే ముందురోజు రాత్రి ఒకసారి ఆ మాటతో వెతికి చూసుకోండి.

వచ్చే ఎపిసోడ్ రోమ్ నుంచి ఓర్వియెతో. అక్కడ రైలు దిగాక కొండ మీదకి ఇంకో బండి ఎక్కాలి, దాని టికెట్ సంగతి అప్పుడు చెప్తా. ఉంటానండీ, బై.