కవరులో కవరు

ఎన్నికల డ్యూటీ పడ్డ టీచరు ఒకరు మా పత్రికకు ఇలా రాశారు: "పోస్టల్ బ్యాలెట్ వేశాను. బ్యాలెట్ మీద ఒక నంబరుంది. అదే నంబరు కవరు మీదా ఉంది, నా పేరుతో సంతకం పెట్టిన డిక్లరేషన్‌లోనూ ఉంది. ఇక రహస్య ఓటు ఎక్కడిదండీ?"

ఎంత చక్కటి అనుమానం! ముందు సరంజామా సంగతి గబగబా చూద్దాం. ఓటు గుర్తు పెట్టిన బ్యాలెట్‌ను చిన్న కవరులో పెట్టి అంటిస్తారు. అది ఫారం 13బీ. ఓటరు సంతకం, అధికారి ధ్రువీకరణ ఉన్న డిక్లరేషన్ 13ఏ. ఈ రెండూ కలిపి 13సీ అనే పెద్ద కవరులోకి వెళ్తాయి. ఓటర్ల జాబితాలో పేరు దగ్గర ముందే 'పీబీ' అని గుర్తు పెడతారు కాబట్టి మళ్లీ బూత్‌కు వెళ్లి ఓటు వేసే వీలుండదు. లెక్కింపు మొదలుపెట్టాల్సిన సమయం దాటి వచ్చిన కవరును తెరవనే తెరవరు.

అసలు తమాషా కౌంటింగ్ బల్ల దగ్గర మొదలవుతుంది. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నిబంధనల్లో 54ఏ అనేది ఒకటుంది. దాని ప్రకారం రిటర్నింగ్ అధికారి పెద్ద కవర్లను ఒక్కొక్కటిగా తెరుస్తారు. డిక్లరేషన్ ఉందా, సంతకమూ ధ్రువీకరణా ఉన్నాయా, అందులోని నంబరూ చిన్న కవరు మీది నంబరూ ఒకటేనా? ఇక్కడ చూసేది ఇదే. తేడా ఉంటే చిన్న కవరు విప్పకుండానే ఆ ఓటు చెల్లదని పక్కన పెడతారు. సరిగ్గా ఉన్న డిక్లరేషన్లన్నిటినీ ఒక ప్యాకెట్‌లో పెట్టి సీలు వేస్తారు. ఆ సీలు పడిన తర్వాతే మొదటి చిన్న కవరు తెరవాలి.

కిటుకంతా ఈ వరుసలోనే ఉంది. పేరు చూసేటప్పుడు ఓటు కనబడదు, ఓటు చూసేటప్పుడు పేరు బల్ల మీద ఉండదు. టీచరుగారికి అనుమానం తెప్పించిన నంబరు చేసే పని వేరే. ఒకరి డిక్లరేషన్‌కు ఇంకొకరి కవరు జతపడకుండా అది కాపలా కాస్తుంది. ఆ నంబరు పట్టుకుని పేరు దాకా వెళ్లడానికి ఉన్న దారులు రెండు: డిక్లరేషన్, బ్యాలెట్ ఇచ్చేటప్పుడు అధికారి దగ్గర మిగిలే కౌంటర్‌ఫాయిల్. రెండూ సీలు వేసిన ప్యాకెట్లలో ఉంటాయి. కోర్టు ఉత్తర్వు లేనిదే వాటిని విప్పకూడదు.

2024 జూన్ తొలి రోజుల్లో ఆంధ్రప్రదేశ్‌లో టీకొట్ల దగ్గర కూడా ఈ 13ఏ గురించే మాట్లాడుకున్నారు. ధ్రువీకరించిన అధికారి సంతకం ఉండి ముద్ర లేకపోతే ఓటు చెల్లుతుందా? చెల్లుతుందని ఎన్నికల సంఘం చెప్పింది. వైఎస్సార్‌సీపీ హైకోర్టుకూ ఆపైన సుప్రీంకోర్టుకూ వెళ్లినా ఫలితం లేకపోయింది. ఆ గొడవంతా రబ్బరు ముద్ర చుట్టూ తిరిగింది గానీ, డిక్లరేషన్ల ప్యాకెట్‌కు సీలు ఎప్పుడు పడిందని అడిగినవాళ్లు నాకు కనబడలేదు. నా దృష్టిలో ఏజెంట్లు కళ్లప్పగించి చూడాల్సింది ఆ క్షణాన్నే.

ఇక గుజరాత్‌లోని ధోల్కా కథ చూడండి. 2017లో అక్కడ మెజారిటీ 327. రిటర్నింగ్ అధికారి పక్కన పెట్టేసిన పోస్టల్ ఓట్లు 429! ఆ తిరస్కరణ అక్రమమంటూ 2020 మే నెలలో హైకోర్టు ఎన్నికనే రద్దు చేసింది. సుప్రీంకోర్టు ఆ తీర్పుపై స్టే ఇచ్చింది.

మన పద్ధతికి ఒక బలహీనత ఉంది. సీలు వేసే మనిషిని నమ్మాలి. ఆ నమ్మకం అవసరం లేకుండా చేయొచ్చని 1982లో డేవిడ్ చామ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త చూపించాడు. చిన్న కవరు లోపల కార్బన్ పేపరు ఉంటుందనుకోమన్నాడు. అధికారి మీ పేరు సరిచూసి, కవరు విప్పకుండా పైన సంతకం చేసి మీకే తిరిగిస్తాడు. లోపలి బ్యాలెట్ మీద ఆ సంతకం అచ్చు పడుతుంది. మీరు బ్యాలెట్ బయటికి తీసి, పేరు లేని కొత్త కవరులో పంపుతారు. అధికారి తన సంతకాన్ని గుర్తుపడతాడు, ఓటరును గుర్తుపట్టలేడు. దీన్ని గణితంలోకి మార్చడమే అతను చేసిన పని. ఎస్టోనియా మాత్రం మన రెండు కవర్లనే కంప్యూటర్‌లోకి ఎక్కించింది. 2005 స్థానిక ఎన్నికల్లో అక్కడ దేశమంతటా ఇంటర్నెట్ ఓటుకు వీలు కల్పించారు. గుప్తీకరించిన ఓటు లోపలి కవరు, డిజిటల్ సంతకం బయటి కవరు. సంతకాలు తీసేశాకే తాళం తీస్తారు.

అయితే ఏ కవరూ, ఏ గణితమూ కాపాడలేని చోటు ఒకటుంది. ఒక చిన్న వార్డుకు మూడే పోస్టల్ ఓట్లు వచ్చాయనుకోండి. మూడూ ఒకే అభ్యర్థికి పడితే సీలు విప్పే పనేముంది? ఆ ముగ్గురూ ఎవరో ఊరందరికీ తెలుసు. లక్షల ఓట్ల నియోజకవర్గంలో గుంపే రహస్యాన్ని కాపాడుతుంది. ఊళ్లో ఆ గుంపు ఉండదు. పోస్టల్ ఓట్లను వేరే అంకెగా చెప్పకుండా మిగతా ఓట్లలో కలిపేస్తే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది.

డ్యూటీ పడేవాళ్లకు పనికొచ్చే ముక్క కూడా చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. డిక్లరేషన్‌ను పొరపాటున చిన్న కవరులో పెట్టకండి. పెద్ద కవరు తెరిచినప్పుడు అది కనబడకపోతే మీ ఓటు లోపలే ఉండిపోతుంది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, పోస్టల్ ఓటు సంతకం సరిపోలకపోతే కౌంటీ ఆఫీసు ఓటరుకు కబురుచేసి సరిదిద్దుకోమంటుంది. మన 54ఏలో అలాంటి అవకాశం లేదు.