సెల్‌టవర్ పక్కన నివాసం: ఆరోగ్యానికి ముప్పు ఎంత?

మీ వీధిలోనో, మీరుండే అపార్ట్‌మెంట్ పైకప్పు మీదనో సెల్‌టవర్ పెడుతున్నారని తెలిస్తే ఏం జరుగుతుందో మీరు చూసే ఉంటారు. అద్దె వస్తుందని యజమాని సంతోషిస్తాడు. క్యాన్సర్ వస్తుందని ఇరుగుపొరుగు అడ్డుకుంటారు. ఈ తగాదాలో ఎవరి పక్షాన ఉండాలో నిర్ణయించుకునే ముందు, టవర్ నుంచి వెలువడేది ఏమిటో తెలుసుకోవాలి.

వెలువడేవి రేడియో తరంగాలు. మన దేశంలో సెల్ సేవలు ఎక్కువగా 700 నుంచి 3,500 మెగాహెర్ట్జ్ మధ్య పౌనఃపున్యాలను వాడుకుంటాయి. ‘రేడియేషన్’ అనగానే ఎక్స్‌కిరణాలు గుర్తుకు రావడం సహజం. అయితే ఎక్స్‌కిరణాలు పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లను వేరుచేసి డీఎన్ఏను దెబ్బతీయగలవు. రేడియో తరంగాల ఫోటాన్లకు అంత శక్తి లేదు. అందుకే వీటిని అయనీకరణం చేయని వికిరణం అంటారు. తీవ్రత బాగా పెరిగితే ఇవి కణజాలాన్ని వేడెక్కిస్తాయి. నిర్ధారణ అయిన ఈ ప్రభావం ఆధారంగానే అంతర్జాతీయ పరిమితులు ఏర్పడ్డాయి. భారతదేశం 2012 సెప్టెంబర్ 1 నుంచి వాటిలో పదో వంతును పరిమితిగా పెట్టుకుంది. దాని ప్రకారం 900 మెగాహెర్ట్జ్ వద్ద గరిష్ఠ తీవ్రత చదరపు మీటరుకు 0.45 వాట్లు.

ఈ అంకె అర్థం కావాలంటే ఒక చిన్న లెక్క చేయండి. యాంటెన్నాకు 20 వాట్ల శక్తి అందుతోందనీ, అది శక్తిని ఒకే దిశలో కేంద్రీకరించడం వల్ల ఆ దిశలో 50 రెట్లు ప్రభావం కనబడుతోందనీ అనుకోండి. అంటే 1,000 వాట్లతో సమానం. 50 మీటర్ల వ్యాసార్ధం గల గోళం ఉపరితలం సుమారు 31,400 చదరపు మీటర్లు. భాగిస్తే చదరపు మీటరుకు సుమారు 0.032 వాట్లు, అంటే పరిమితిలో దాదాపు 14వ వంతు. దూరం రెట్టింపైతే ఇది నాలుగో వంతుకు పడిపోతుంది. ఒకే టవర్‌పై నాలుగైదు యాంటెన్నాలు ఒకే దిక్కుకు చూస్తుంటే వాటన్నిటి తీవ్రతను కలపాలి.

యాంటెన్నా ప్రసారం టార్చిలైటు వెలుగులా దాదాపు అడ్డంగా, కొద్దిగా కిందికి వంగి సాగుతుంది. కాబట్టి టవర్ ఉన్న ఇంట్లోవారి కంటే, యాంటెన్నాకు ఎదురుగా అదే ఎత్తులో బాల్కనీ ఉన్నవారికే ఎక్కువ తగలవచ్చు. ఇంకో సంగతి: సిగ్నల్ బలహీనంగా ఉంటే మీ చేతిలోని ఫోన్ తన శక్తిని పెంచుకుంటుంది. చెవికి ఆనుకుని ఉండేది అదే.

మరి క్యాన్సర్ మాటేమిటి? ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2011లో రేడియో తరంగాలను ‘బహుశా క్యాన్సర్ కారకం కావచ్చు’ అనే 2బి వర్గంలో చేర్చింది. దానికి ప్రధాన ఆధారం ఫోన్ వాడకందారులపై అధ్యయనాలు. టవర్ల విషయంలో ఆధారాలు చాలవని అదే సంస్థ చెప్పింది. పత్రికా శీర్షికల్లో ఈ రెండో మాట తరచుగా జారిపోతుంది. బ్రిటన్‌లో నాలుగేళ్లలోపు పిల్లల్లో వచ్చిన 1,397 క్యాన్సర్ కేసులను 5,588 మంది ఇతర పిల్లలతో పోల్చిన అధ్యయనం 2010లో వెలువడింది. తల్లి గర్భంతో ఉన్నప్పుడు టవర్‌కు ఎంత దగ్గరగా నివసించిందన్న దానికీ వ్యాధికీ సంబంధం కనబడలేదు. అయితే ఇది పసిపిల్లల గురించి మాత్రమే. దశాబ్దాలపాటు టవర్ పక్కన బతికిన పెద్దలకు ఈ ఫలితాన్ని నేరుగా అన్వయించకండి.

తలనొప్పి, నిద్రలేమి మాత్రం కల్పితం కావు, బాధ నిజమే. కారణం ఏమిటన్నదే ప్రశ్న. ఎసెక్స్ విశ్వవిద్యాలయం 2007లో ప్రచురించిన ప్రయోగంలో, తమకు ఈ తరంగాలు పడవని చెప్పిన 44 మంది పాల్గొన్నారు. ప్రసారం జరుగుతోందని తెలిసినప్పుడు వారికి బాధ పెరిగింది; తెలియనప్పుడు ప్రసారం ఉందో లేదో కనిపెట్టలేకపోయారు.

2017లో, టవర్ వల్లే తనకు క్యాన్సర్ వచ్చిందన్న ఒక వ్యక్తి పిటిషన్‌పై గ్వాలియర్‌లోని టవర్‌ను నిలిపివేయాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. దీన్ని శాస్త్రీయ నిరూపణగా ఉదహరించడం పొరపాటు. ఒక వ్యక్తి అనుభవం పరిశోధనకు ప్రశ్నను ఇవ్వగలదు, జవాబును కాదు.

మీ ఇంటి దగ్గర అనుమానముంటే టెలికాం శాఖ ‘తరంగ్ సంచార్’ పోర్టల్‌లో టవర్ వివరాలు చూడవచ్చు, రుసుము కట్టి కొలత కోరవచ్చు. ఆ పని చేసేటప్పుడే డీజిల్ జనరేటర్ పొగ, రాత్రిపూట దాని మోత, పాత కట్టడం ఆ బరువును మోయగలదా అన్నదీ ఫిర్యాదులో రాయండి. వాటికి కొలమానాలూ ఉన్నాయి, హాని గురించి వివాదమూ లేదు.