సముద్రపు నీటిలో ఆమ్లజని జమాఖర్చులు

కొల్లేటి పరిసరములలో చేపల చెరువులు గలవారికి ఒక సంగతి బాగుగా తెలియును. నీరు చిక్కని పచ్చరంగుకు తిరిగిన చెరువులో, మబ్బు పట్టిన రోజు గడచిన పిమ్మట, తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్లు తెరచి గుటకలు వేయుచుండును. రైతు వెంటనే నీటిని చిలుకు ఏరియేటర్లను తిప్పును. ఎండకాసిన నాడు అదే చెరువు నీటిని మధ్యాహ్నము పరీక్షించినచో ఆమ్లజని సమృద్ధిగా కనబడును. పగలు ఆమ్లజనిని ఇచ్చిన పచ్చని నీరే రాత్రి దానిని ఎందుకు తీసికొన్నది? ఈ ప్రశ్నకు సమాధానము తెలిసినచో మహాసముద్రముల ఆమ్లజని కథ సగము తెలిసినట్లే.

ప్లవకములు అనగా నేమి?

నీటి ప్రవాహమునకు ఎదురీదలేక, అది తీసికొనిపోయిన చోటికి పోవు జీవులను ప్లవకములు అందురు. 1887లో జర్మను శాస్త్రజ్ఞుడు హెన్సెన్ వీనికి, దేశదిమ్మరి అను అర్థము గల గ్రీకు మాట నుండి, ప్లాంక్టన్ అని పేరు పెట్టెను. వీనిలో పత్రహరితము గలవి వృక్ష ప్లవకములు. గాజుపెట్టెల వంటి కవచములు గల డయాటములు ఈ జాతివే. వీనికంటె ఎంతో చిన్నదైన ప్రోక్లోరోకాకస్ అను సూక్ష్మజీవి 1988లో గాని శాస్త్రలోకమునకు తెలియలేదు. దీని వెడల్పు మిల్లీమీటరులో వెయ్యవ వంతు కూడ ఉండదు. వెచ్చని సముద్రములలో ఒక మిల్లీలీటరు నీటిలో ఇవి లక్ష వరకు ఉండవచ్చును. వృక్ష ప్లవకములను తిని బ్రతుకు కోపిపాడులు, చేపపిల్లలు మొదలగునవి జంతు ప్లవకములు. వీనితోపాటు లెక్కకు మిక్కిలిగా బాక్టీరియాలు కూడ ఉన్నవి.

జమ వైపు

వృక్ష ప్లవకములు సూర్యరశ్మి సహాయముతో నీటిని, బొగ్గుపులుసు వాయువును కలిపి ఆహారము తయారుచేసికొనును. ఈ పనిలో ఆమ్లజని వెలువడును. ఇది బొగ్గుపులుసు వాయువులోనిది కాదనియు, నీటిలోనిదే యనియు 1941లో అమెరికాలో రూబెన్, కామెన్ మొదలగువారు బరువైన ఆమ్లజనిని ఉపయోగించి నిరూపించిరి.

సముద్రములలో వృక్ష ప్లవకములు సంవత్సరమునకు సుమారు 5000 కోట్ల టన్నుల కర్బనమును సజీవ పదార్థముగా మార్చుచున్నవి. భూమి మీద జరుగు మొత్తము పనిలో ఇది దాదాపు సగము. కాని ఏ సమయమున చూచినను వాని శరీరములలోని కర్బనము సుమారు 100 కోట్ల టన్నులు మాత్రమే. అనగా సముద్రపు పచ్చిక అంతయు రమారమి వారమునకు ఒకసారి పుట్టి, మేయబడి, మరల పుట్టుచున్నదన్నమాట.

ఖర్చు వైపు

ఆమ్లజనిని తయారుచేయు జీవి కూడ శ్వాసింపవలసినదే. వృక్ష ప్లవకములు రాత్రింబవళ్లు శ్వాసించును. ఆమ్లజనిని ఇచ్చుట మాత్రము వెలుతురున్నంతసేపే. వానిని మేయు జంతు ప్లవకములు కొంత వాడుకొనును. చచ్చిన ప్లవకములను, వాని నుండి నీటిలోనికి కారిన పదార్థములను కుళ్లబెట్టు బాక్టీరియాల వాటా చాల పెద్దది. మన చెరువులో తెల్లవారుజామున జరిగినది ఇదే. పగలు మబ్బు వలన జమ తగ్గినది. రాత్రి ఖర్చు మాత్రము ఆగలేదు.

మూడు సీసాల పరీక్ష

ఈ జమాఖర్చులను కొలుచు చక్కని ఉపాయమును నార్వేలోని ఓస్లో ఫియర్డులో పనిచేసిన గార్డర్, గ్రాన్ అను శాస్త్రజ్ఞులు 1927లో ప్రకటించిరి. ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుల పర్యవేక్షణలో దీనిని చేసి చూడవచ్చును.

ఒకే చోట, ఒకే లోతు నుండి తీసిన చెరువు నీటిని బుడగ లేకుండ మూడు గాజుసీసాలలో నింపి బిరడాలు బిగింపుడు. మొదటి సీసాలోని ఆమ్లజనిని వెంటనే కొలువుడు. రెండవ దానిని అట్లే ఉంచుడు. మూడవ దానికి నల్లగుడ్డ మందముగా చుట్టుడు. ఈ రెంటిని నీరు తీసిన లోతుననే నాలుగు గంటలు వ్రేలాడదీసి, పిమ్మట కొలువుడు. కొలుచుటకు 1888లో హంగరీ రసాయనికుడు వింక్లరు కనిపెట్టిన పద్ధతి నేటికిని ప్రామాణికమే. మాంగనస్ సల్ఫేటు, క్షారము కలిపిన పొటాసియం అయొడైడు నీటిలో వేసినచో ఆమ్లజని ఉన్నప్పుడు గోధుమరంగు మడ్డి ఏర్పడును. బొత్తిగా లేనిచో తెల్లని మడ్డి ఏర్పడును. గంధకికామ్లముతో మడ్డిని కరిగించి, వెలువడిన అయొడిన్‌ను హైపోతో కొలిచినచో ఆమ్లజని ఎంతయో తెలియును. ఆమ్లమును, క్షారమును ఉపాధ్యాయులే వాడవలెను.

ఉదాహరణకు, లీటరుకు మొదటి సీసాలో 6.0, వెలుతురు సీసాలో 8.5, చీకటి సీసాలో 5.2 మిల్లీగ్రాములు ఉన్నవనుకొందము. చీకటి సీసాలో తగ్గిన 0.8 శ్వాసక్రియ ఖర్చు. వెలుతురు సీసాలో పెరిగిన 2.5 మిగులు. ఈ రెండును కలిపిన 3.3 మిల్లీగ్రాములు అసలు ఉత్పత్తి. వెలుతురులోను, చీకటిలోను శ్వాసక్రియ ఒకే రీతిగా జరుగునని మనము ఇక్కడ ఊహించుచున్నామని విద్యార్థులు గుర్తింపవలెను.

ఇక వెలుతురు మందగించిన లోతున ఇదే పరీక్ష చేయగా వెలుతురు సీసాలో 5.8 వచ్చినదనుకొందము. మొదటి, చీకటి సీసాల లెక్కలు ముందటివే. అప్పుడు ఉత్పత్తి 0.6, ఖర్చు 0.8. వెలుతురు సీసాలోనే ఆమ్లజని తగ్గినది! జమయు ఖర్చును సరిపోవు లోతు ఈ రెంటికిని నడుమ ఎక్కడనో ఉండును. సముద్రములో ఉపరితలపు వెలుతురులో నూటికి ఒక పాలు చేరు లోతును స్థూలముగా ఈ హద్దుగా ఎంచుదురు. బురద నీటి తీరములలో ఇది కొలది మీటర్లే. నిర్మలమైన నడిసముద్రములో నూరు మీటర్లను మించవచ్చును. దానికి దిగువనున్న విశాలమైన చీకటి సముద్రములో ఖర్చే గాని జమ లేదు.

మన ఊపిరిలో సగము సముద్రమిచ్చినదేనా?

మనము పీల్చు ఆమ్లజనిలో సగము సముద్రమే ఇచ్చుచున్నదని తరచుగా వినుచున్నాము. ఉత్పత్తిలో సగము అనుట నిజమే. కాని ఆదాయము వేరు, మిగులు వేరు. సముద్రములో పుట్టిన ఆమ్లజనిలో దాదాపు అంతయు సముద్రజీవులకే ఖర్చగుచున్నది. అడుగున మట్టిలో కప్పబడి కుళ్లకుండ మిగులు పదార్థము నూటికి ఒక పాలు కూడ ఉండదు. ఆ కొద్దిపాటికి సరిపడు ఆమ్లజనియే నిజమైన మిగులు. సుమారు 240 కోట్ల సంవత్సరముల క్రిందట గాలిలో ఆమ్లజని నిలుచుట ఆరంభమైనది. ఏటేట మిగిలిన ఈ చిల్లర కోట్ల సంవత్సరములు కూడినందుననే నేడు గాలిలో నూటికి 21 పాళ్లు ఉన్నది. ఆ నిల్వ ఎంత పెద్దదనగా, ప్లవకములు రేపు నశించినను మన ఊపిరి ఆగదు. ఆగునది చేపల ఊపిరి, వానితోపాటు సముద్రపు ఆహారము.

అడుగున కరవు

ఒక లీటరు గాలిలో సుమారు 280 మిల్లీగ్రాముల ఆమ్లజని ఉండగా, గడ్డకట్టునంత చల్లని సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 11 మిల్లీగ్రాములు, 30 డిగ్రీల వెచ్చని నీటిలో సుమారు 6 మిల్లీగ్రాములు మాత్రమే ఇముడును. ఇంత చిన్న నిల్వతో చీకటి పొరలు బ్రతుకవలెను. అచటికి ఆమ్లజనిని చేరవేయునది నీటి కదలికయే.

మన బంగాళాఖాతములో ఈ కదలికకు ఒక అడ్డు కలదు. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ, ఐరావతి నదుల మంచినీరు తేలికైనందున ఉప్పునీటిపై మూతవలె నిలుచును. పైనుండి చచ్చిన ప్లవకములు దిగుచుండును. ఆమ్లజని మాత్రము దిగదు. అందుచేత సుమారు నూరు మీటర్ల దిగువ నుండి కొన్ని వందల మీటర్ల లోతు వరకు ఆమ్లజని అత్యల్పముగా ఉన్నది. అరేబియా సముద్రపు ఇట్టి పొరలో బాక్టీరియాలు ఆమ్లజని లేక నైట్రేటును వాడుకొని నత్రజని వాయువును విడుచుచున్నవి. ప్లవకముల ఎరువు ఆ మేరకు నష్టమగుచున్నది. బంగాళాఖాతములో ఇంకను మిగిలియున్న లేశమాత్రపు ఆమ్లజని ఈ నష్టమును అరికట్టుచున్నదని 2017లో ప్రకటించిన పరిశోధన వలన తెలియుచున్నది. ఆ లేశము కూడ పోయినచో కథ మారును.

వేసవికి ముందు వాల్తేరు తీరమున అడుగునీరు పైకి వచ్చుటను 1950 దశకములో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నుండి పనిచేసిన పరిశోధకులు వర్ణించిరి. ఆ నీరు ఎరువును తెచ్చి ప్లవకములను పెంచును. అదే నీటిలో ఆమ్లజని కొరతయు ఉండును. ఒకే నీటిలో లాభమును, ముప్పును కలిసియున్నవి.

1960 నుండి అర్ధశతాబ్దములో ప్రపంచ సముద్రములు తమ ఆమ్లజనిలో నూటికి సుమారు 2 పాళ్లు కోల్పోయినవి. నీరు వేడెక్కినచో దానిలో ఆమ్లజని తక్కువగా ఇముడును. పైపొర తేలికయై క్రింది నీటితో కలియదు. పొలముల ఎరువులు, పట్టణముల మురుగు తీరమునకు చేరినచో ప్లవకములు ఒక్కసారిగా పెరిగి, చచ్చి, కుళ్లి ఖర్చును పెంచును. పచ్చని నీరు ఎల్లప్పుడును ఆరోగ్యమునకు గుర్తు కాదు. అది ఎంత ఇచ్చుచున్నదో, ఎంత తీసికొనుచున్నదో రెండును కొలిచిన పిమ్మటనే చెప్పవలెను. అందులకు కావలసినవి మూడు సీసాలు, ఒక నల్లగుడ్డ, కొంత ఓపిక. మీ ఊరి చెరువుతోనే మొదలుపెట్టవచ్చును.