మంచువేళ మార్గనిర్ణయము

ప్రయాణమునకు ముందు వేళ చూచుట తెలుగువారి పాత ఆచారము. వర్జ్యము, దుర్ముహూర్తము, రాహుకాలము విచారించి గాని పెద్దలు గడప దాటెడివారు కారు. నేటి యువకులు ఈ ఆచారమును చూచి నవ్వుదురు. వారు చూచునది వేళ కాదు, దూరము. ఏ బాట ఎన్ని కిలోమీటర్లో, ఎన్ని గంటలలో ఊరు చేరవచ్చునో చేతిలోని ఫోను క్షణములో చెప్పును. కాని మార్గశిర పుష్య మాసములందు హైదరాబాదు నుండి కారులో దూరప్రయాణము చేయువారికి ఆ లెక్క చాలదు. పెద్దలు అడుగు ప్రశ్నయే అప్పుడు ఎక్కువ అక్కరకు వచ్చును: ఏ వేళకు బయలుదేరుచున్నావు?

మూడు బాటల ముంగిలి

నగరమునకు తూర్పున నున్న సైదాబాదు ఈ ప్రశ్న వేసికొనుటకు తగిన తావు. ఇచ్చటినుండి దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ మీదుగా పోయినచో విజయవాడ బాట. చంపాపేట మీదుగా పోయినచో నాగార్జునసాగరు బాట. చాంద్రాయణగుట్ట వైపు మరలి తుక్కుగూడ చేరినచో శ్రీశైలము బాట. హైదరాబాదు నుండి విజయవాడకు సుమారు 270 కిలోమీటర్లు, శ్రీశైలమునకు 210, సాగరుకు 150.

చలికాలము ఈ మూడు బాటలకును పనికాలము. డిసెంబరు, జనవరి మాసములలో పాఠశాలలవారు పిల్లలను విహారయాత్రలకు గొనిపోవుదురు. సంక్రాంతికి నగరములోని కోస్తావారు సకుటుంబముగా స్వగ్రామములకు తరలుదురు. ఈ రెండు తరగతులవారికిని ఒక అలవాటు సామాన్యము: తెల్లవారుజామున మూడు నాలుగు గంటలకు బయలుదేరుట. బడివారికి ఒక రాత్రి బస ఖర్చు కలిసివచ్చును. పండుగకు పోవువారికి పంతంగి టోల్‌గేటు కడ వరుసలో నిలుచు బాధ తప్పును. చిత్రమేమనగా, రద్దీ తప్పించుకొనుటకై అందరును తెల్లవారుజామున బయలుదేరుటచేత రద్దీయే ఆ వేళకు వచ్చి చేరినది. సరిగా ఆ వేళకే మంచును వచ్చి చేరును.

సరాయి తలుపులు

పూర్వము ఈ తొందర సాధ్యము కాదు. గోలకొండ నుండి మచిలీపట్టణపు రేవునకు పోవు బాట 17వ శతాబ్దిలో దేశదేశముల వర్తకులు త్రొక్కినది. ఆ శతాబ్ది నడుమ ఈ దేశమునకు వచ్చిన ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే ఆ దారిని గూర్చి వ్రాయుచు, కొండలు, చెరువులు, ఏరులు అడ్డుపడుటచే చక్రములు గల వాహనములు దానిపై సాగుట మిక్కిలి కష్టమని తెలిపినాడు. సరకులు ఎద్దుల వీపులపైననే నడచెడివి.

ఆ కాలపు జాడ ఒకటి ఎల్.బి.నగర్ దాటిన పిమ్మట హయత్‌నగరులో నేటికిని చూడవచ్చును. అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి హయాత్ బక్షీ బేగము పేర వెలసిన ఆ ఊరిలో మసీదు, దాని చుట్టును బాటసారుల గదులతో కూడిన సరాయి, చేరువలో ఏనుగుబావి కలవు. సరాయిల ధర్మము సులభమైనది: ప్రొద్దు క్రుంకిన పిమ్మట తలుపులు మూయుదురు; వెలుగు వచ్చిన పిమ్మట తెరచుదురు. బాటసారికి బాట ఎంత ముఖ్యమో, ఆ బాటపై నడువదగిన వేళయు అంత ముఖ్యమని ఆ తలుపులు చెప్పుచుండెడివి.

మంచు పుట్టుక

పుష్యమాసమున పూసలు గ్రుచ్చు ప్రొద్దుండదని సామెత. జనవరి మొదట హైదరాబాదులో సూర్యోదయమగు సరికి దాదాపు ఆరుముప్పావు అగును. రాత్రి సుమారు 13 గంటలు. మబ్బు లేని ఆ దీర్ఘరాత్రులలో నేల తన వేడిమిని ఆకాశమునకు వెడలగ్రక్కి చల్లబడును. నేలనంటిన గాలియు చల్లబడి, తనలోని ఆవిరిని ఇముడ్చుకొనలేని స్థితికి వచ్చును. అప్పుడు ఆ ఆవిరి సన్నని నీటి తుంపరలుగా మారి గాలిలో తేలియాడును. అదియే పొగమంచు. గాలి విసరుగా వీచిన అది నిలువదు. గాలి స్తంభించి, నేల తడిగానుండిన దట్టముగా క్రమ్మును. నేల మిక్కిలి చల్లబడునది తెల్లవారు వేళకే గనుక మంచు చిక్కబడునదియు అప్పుడే. సూర్యుడుదయించిన వెంటనే అది విడిపోదు. ఎండ నేలను వేడిచేయుటకు మరి గంటయో రెండు గంటలో పట్టును.

కిలోమీటరు దూరములోని వస్తువు కానరానిచో దానిని పొగమంచుగా లెక్కింతురు. భారత వాతావరణశాఖవారి పరిభాషలో చూపు 200 మీటర్లకు లోబడిన దట్టమైన మంచు. 50 మీటర్లకు లోబడిన మిక్కిలి దట్టమైన మంచు.

బాటల గుణదోషములు

ఈ దృష్టితో మూడు బాటలను పరీక్షింపవచ్చును. విజయవాడ బాట వెడల్పైనది. నడుమ విభాజకము కలదు. ఎదురుబండ్ల దీపములు కన్నులలో పడుట తక్కువ. చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి, నకిరేకల్, సూర్యాపేట, కోదాడ వంటి ఊళ్ళు వరుసగానున్నవి గనుక ఆగుటకు తావు, ఆపదలో సాయము దొరకును. కాని ఈ బాట మూసీని, పాలేరును, మున్నేరును దాటును. ఏటి పల్లములును, వరిమళ్ళును మంచునకు పుట్టినిండ్లు. అదిగాక బాట బాగుగానుండుటయే ఇచ్చట ప్రమాదకారణము. చూపు ఆనకున్నను వేగము తగ్గింప మనసొప్పదు.

గుంటూరు, నెల్లూరు దెసలకు పోవువారికి నార్కట్‌పల్లి కడ చీలి నల్లగొండ, మిర్యాలగూడ, పిడుగురాళ్ళ మీదుగా అద్దంకి చేరు బాట కలదు. పండుగ రద్దీనాడు విజయవాడ బాటపై ఒత్తిడి తగ్గించుటకు అది ఉపకరించును. అయితే వానాకాలపు పంట కోతలనాడు నల్లగొండ సీమలో ధాన్యపు ట్రాక్టర్లు బాటలపై విరివిగా తిరుగును. కొన్నిచోట్ల ధాన్యమును బాట అంచుననే ఆరబోయుదురు. వెనుక దీపము లేని ట్రాక్టరు ట్రక్కు, అంచున నిలిపిన లారీ, ఇవి మంచులో ప్రాణాంతకములు.

సాగరు బాట దూరమునకు చిన్నది, పిల్లలకు ప్రియమైనది. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేసిన ఆనకట్టను చూచుటకు బడిపిల్లలు వచ్చుచునే యుందురు. కాని ఇబ్రహీంపట్నము దాటిన పిమ్మట చాల దూరము ఎదురెదురు బండ్లు ఒకే బాటపై నడుచును. ముందు బండిని దాటి పోవ నెంచు ప్రతిసారియు ఎదుటి వరుసలోనికి పోవలసినదే. మంచులో అది కన్నులు మూసికొని చేయు పని.

శ్రీశైలము బాట మొదటిచూపునకు అన్నింటికంటె భయంకరమైనది. మన్ననూరు మొదలు నల్లమల అడవి, అమ్రాబాదు పులుల అభయారణ్యము. దోమలపెంట దాటిన పిమ్మట కృష్ణలోయలోనికి దిగు మలుపుల ఘాటు. అయినను ఈ బాటకొక్క సుగుణము కలదు. రాత్రి తొమ్మిది గంటల మొదలు ఉదయము ఆరు గంటలవరకు అటవీశాఖవారు మన్ననూరు కడ వాహనములను నిలిపివేయుదురు. ఆ కట్టడి వన్యమృగముల రక్షణకై ఏర్పడినది. ఫలము మనుష్యులకును దక్కినది. హయత్‌నగరు సరాయి తలుపు చేసిన పనినే నేడు మన్ననూరు కవాటము చేయుచున్నది. వెడల్పైన విజయవాడ బాటకు అట్టి కవాటము లేదు.

గణితము చెప్పు మాట

గంటకు 80 కిలోమీటర్ల వేగమున పోవు కారు సెకనుకు 22 మీటర్లు సాగును. ఎదుట ఆటంకమును గుర్తించి బ్రేకు త్రొక్కుటకు ఒకటిన్నర సెకను పట్టిననుకొన్న, అంతలో 33 మీటర్లు గడచును. తడిసిన బాటపై వేగము సెకను సెకనుకు 4 మీటర్ల చొప్పున తగ్గునని లెక్కించిన, ఆగుటకు మరి 62 మీటర్లు కావలెను. వెరసి 95 మీటర్లు. చూపు 50 మీటర్లే యైనచో ఎదుట నిలిచిన లారీ కనబడునప్పటికే తప్పించుకొను వ్యవధి దాటిపోయినది. అదే కారు 40 కిలోమీటర్ల వేగమున పోయిన 32 మీటర్లలో ఆగగలదు. వేగము సగమైన, ఆగు దూరము మూడవ వంతైనది. బ్రేకు వేసిన పిమ్మట సాగు దూరము వేగముయొక్క వర్గమును అనుసరించుటయే ఇందుకు కారణము. ఉన్నత పాఠశాల విద్యార్థి నల్లబల్లపై వేయగల లెక్క ఇది. ఈ లెక్క తెలిసియే ఉత్తరప్రదేశమున యమునా ఎక్స్‌ప్రెస్ రహదారిపై మంచుకాలమున కార్ల వేగపరిమితిని 100 నుండి 75 కిలోమీటర్లకు తగ్గించుచున్నారు.

ఈ బాటలు ప్రసిద్ధులను సయితము ఉపేక్షింపలేదు. 2014 డిసెంబరు 6న కోదాడ సమీపమున ఆకుపాముల చెంత కారు ట్రాక్టరును ఢీకొని నందమూరి జానకిరామ్ మరణించెను. ఆయన తండ్రి హరికృష్ణ 2018 ఆగస్టు 29న తెల్లవారుజామున బయలుదేరి, స్వయముగా కారు నడుపుకొనుచు నల్లగొండ చెంత అన్నెపర్తి కడ ప్రమాదమున అసువులు బాసెను. బాటలు వేరు, ఋతువులు వేరు. రెండింటను మంచు కారణమని చెప్పరాదు. కాని నిర్మలమైన దినమందే ఇంత జరుగు బాటలు మంచుతెరలో ఎట్లుండునో ఊహింపవచ్చును.

దగ్గరి దారి

దిల్‌సుఖ్‌నగరు పరిసరములలో చదివి అమెరికాకు పోయిన తెలుగు విద్యార్థులకు ఈ ప్రశ్న ఇంకను కఠినముగా ఎదురగును. తూర్పుతీరమునుండి కాలిఫోర్నియాకు కారులో పోవ నెంచువారికి, చలికాలమున మంచుగడ్డ కట్టు ఉత్తరపు కనుమ బాటలా, దూరమైనను వెచ్చనగు దక్షిణపు బాటలా అను విచారము తప్పదు. ఉత్తరపు బాటపై సియెర్రా నెవాడా పర్వతములలో డోనర్ కనుమ కలదు. 1846లో బండ్లపై పడమటికి తరలిన 87 మంది వలసదారులు, హేస్టింగ్స్ అనువాడు దగ్గరి దారియని ప్రచారము చేసిన మార్గమును నమ్మిరి. తన ప్రచారమునాటికి అతడు ఆ దారిని బండ్లతో నడచి ఎరుగడు. ఆ దారి వారికి వారములకొలది ఆలస్యము కలిగించినది. కనుమ చేరునప్పటికి హిమము బాటను మూసివేసినది. దాదాపు సగము మంది అచ్చటనే మడిసిరి. వారిని చంపినది దారి మాత్రమే కాదు. ఆ దారివలన తప్పిన వేళ.

మనసునందు కవాటము

కావున మంచుకాలమున సురక్షితమైన బాట ఏదియని అడిగినచో, ఎండ వచ్చిన పిమ్మట పోవు బాటయే యని చెప్పవలెను. ఉదయము ఎనిమిది గంటలకు బయలుదేరువానికి మూడు బాటలును చాలవరకు మంచివే. నాలుగు గంటలకు బయలుదేరువానికి మూడును చెడ్డవే. తెల్లవారునప్పటికి ఊరు చేరియే తీరవలెనన్నచో ముందునాడు పగలు పోయి బసచేయవలెను. దారిలో మంచు క్రమ్మినచో బాట అంచున ఆగక, పెట్రోలు బంకు ఆవరణములోనికో, భోజనశాల ముంగిటికో చేరి ఎండకై వేచియుండవలెను. ఎక్కువ కాంతిగల దీపములను ఎత్తి వేసిన తుంపరలపై పడి వెలుగు తిరిగి కన్నులలోనే కొట్టును. దీపములను దించి నడుపవలెను.

విహారయాత్రకు పిల్లలను గొనిపోవు ఉపాధ్యాయునకు ఈ బాధ్యత రెట్టింపు. బస్సులో నలుబదిమంది పిల్లలు నిద్రించుచుందురు. వారి తల్లిదండ్రులు ఇండ్లలో మేల్కొని యుందురు. ఒకనాటి యాత్రలో తెల్లవారుజామున బయలుదేరి అర్ధరాత్రికి మరలిన డ్రైవరు కన్నులకు రెండు కొసలయందును విశ్రాంతి లేదు. ఒక రాత్రి బస ఖర్చును చందాలో చేర్చుటకు ప్రధానోపాధ్యాయుడు సందేహింపరాదు. బస్సు ఆలస్యమైనచో సాగరు గేట్లు ఒక గంట తరువాత చూడవచ్చును.

ఆలస్యమున అమృతము విషమగునని ఒక సామెత, నిదానమే ప్రధానమని మరియొక సామెత. ఈ రెండింటిలో ఏది ఎప్పుడు వర్తించునో ఎరుగుటయే వివేకము. సరాయి తలుపులు నేడు లేవు. అడవి కవాటము అన్ని బాటలకును లేదు. అవి లేని చోట బాటసారి తన మనసునందే ఒక కవాటము నిలుపుకొని, తెల్లవారిన పిమ్మట తెరువవలెను.