దేహమునకును అక్షరాభ్యాసము

కర్ణాటకమందలి ఆనేకల్ తాలూకాలో కసబా, అత్తిబెలె, జిగణి, సర్జాపురము అను నాలుగు హోబళులు కలవు. బడులు తెఱచిన కొన్ని నెలలకు ఈ హోబళులలో పాఠశాలల క్రీడాకూటములు జరుగును. అందు గెలిచిన బాలబాలికలు తాలూకా పోటీలకును, అందును నెగ్గినవారు జిల్లా పోటీలకును పోవుదురు. ఇంట తెలుగును, వీథిలో కన్నడమును, హొసూరు సరిహద్దు దిక్కున తమిళమును వినుచు పెరిగిన పిల్లలును, బొమ్మసంద్ర, జిగణి, అత్తిబెలె కర్మాగారములలో పనికై దూరప్రాంతములనుండి వలసవచ్చిన కుటుంబముల పిల్లలును ఒక్క సున్నపుగీత వెంబడి నిలుచుదురు. ఈల మ్రోగగానే మన చూపులు ముందున్నవారిమీదనే నిలుచును. చివర చేరిన బిడ్డ ఆఱేండ్ల ప్రాయమున పరుగును, గెంతును, విసరుటను ఎవరివద్ద నేర్చుకొనెను, అసలు నేర్చుకొనెనా అని మనలో ఎవ్వరును అడుగరు. ఆ ప్రశ్ననే ఇచట విచారింపదలచితిని; ఏలయన ఆ పరుగుపందెపు ఫలితము చాలవఱకు ఒకటవ తరగతినాటికే నిర్ణయమగుచున్నదని నా నమ్మకము.

ఎదుగుదలయే బిడ్డకు సమస్తము నేర్పునని పెద్దలు తలచుట సహజము. నడకవిషయమున అది కొంతవఱకు నిజమే. కాని విసరుట, పట్టుట, తన్నుట, ఒంటికాలిపై గెంతుట, వేగముగా పోవుచు దిక్కు మార్చుట, పైకెగిరి మోకాళ్ళు వంచి మెత్తగా దిగుట అనునవి ఒకరు చూపగా, బిడ్డ పలుమాఱులు చేసి, తప్పు దిద్దుకొని సంపాదింపవలసిన విద్యలు. అమెరికాలో మోనికా వైల్డ్ అను పరిశోధకురాలు బిడ్డలు బంతి విసరు తీరును చలనచిత్రములుగా తీసి పరిశీలించి, తన నిర్ణయములను 1938లో ప్రకటించెను. మొదట బిడ్డ పాదములు కదపక, మొగము ఎదుటికే పెట్టి, కేవలము చేతితో బంతిని త్రోయును. పిదప నడుము పైభాగము చేతితోపాటు ప్రక్కకు తిరుగుట నేర్చును. కాళ్ళు మాత్రము ఉన్నచోటనే యుండును. తరువాత ఒక అడుగు ముందుకు పడును గాని, కుడిచేత విసరునపుడు కుడికాలే పడును. తుదకు కుడిచేతికి ఎడమకాలు ముందుకు వచ్చి, శరీరభారము వెనుకకాలినుండి ముందుకాలికి జరిగి, నడుము, భుజము, మోచేయి, మణికట్టు ఒకదానివెంట నొకటి వేగమునందుకొనగా బంతి చేతిని విడుచును. ఈ నాలుగవ మెట్టు ఆఱేడేండ్ల ప్రాయమున అందదగినదే. అయినను అభ్యాసము దొరకనివారు మూడవ మెట్టుననే పెద్దవారై జీవితమంతయు అట్లే విసరుదురు. దీనిని దిద్దుటకు ఖరీదైన సాధనము లక్కఱలేదు. నేలపై సుద్దముక్కతో ఒక పాదపు గుర్తు గీచి, కుడిచేతివాటము వారు ఎడమకాలిని, ఎడమచేతివాటము వారు కుడికాలిని అందులో వేసి విసరవలెనని చెప్పి, గోడపై ఒక వలయము గీచి గురి చూపినచో చాలును.

పట్టుటయు ఇట్టిదే. బంతి తనవైపు వచ్చునపుడు చిన్నబిడ్డ రెండుచేతులు బిగువుగా చాచి మొగము త్రిప్పుకొనును; అది భయమువలన కలుగు సహజచేష్ట. కొంతకాలమునకు బంతిని రొమ్మునకు హత్తుకొని పట్టును. ఆపైననే వ్రేళ్ళతో అందుకొనుట వచ్చును. గాలిలో కదలు వస్తువు ఎంతదూరమున ఉన్నదో, ఎప్పుడు తనను చేరునో కంటితో అంచనా కట్టు శక్తి ఈ ప్రాయమున ఇంకను పండుచుండును గావున, గట్టి క్రికెట్ బంతిని ఆఱేండ్లవానిమీదికి విసరి “పట్టుము” అనుట క్రౌర్యమని నేను భావింతును. పెద్దదియు, మెత్తనిదియు, నేలరంగునకు భిన్నమైన రంగుగలదియునగు బంతితో, మొదట దొర్లించి, పిదప నేలకు కొట్టి ఎగిరించి, తుదకు గాలిలో విసరి నేర్పినచో మొగము త్రిప్పుకొను అలవాటు నిలువదు. చేతికి బంతి చిక్కిన మొదటిసారి బిడ్డ కన్నులలో మెఱయు వెలుగును చూచిన ఉపాధ్యాయునకు మఱి వేఱు ప్రోత్సాహము వలదు.

ఈ మూలవిద్యలు అందనివారికి పదేండ్లు దాటినతరువాత ఆటలలోనికి ప్రవేశించుట దుస్తరమగునని వెర్న్ సీఫెల్ట్ అను అమెరికా పండితుడు 1980లో ప్రతిపాదించెను. విసరుట రానిది త్రోబాలులో నిలువజాలదు. దిక్కు మార్చుట రానివాడు కబడ్డీలో మొదటనే చిక్కును. అట్టివారు క్రమముగా మైదానపు అంచునకు జరిగి, స్కోరు వ్రాయువారుగను, నీళ్ళు మోయువారుగను మిగులుదురు. “మావానికి ఆటలమీద ఆసక్తి లేదు” అని తల్లిదండ్రులు చెప్పుమాట వెనుక తఱచుగా ఈ చరిత్రయే దాగియుండును. ఆసక్తి లేక దూరమైనవారికంటె, చేతగాక సిగ్గుపడి దూరమైనవారే అధికమని నా అభిప్రాయము.

మఱి ఈ ప్రాయమువారికి నేర్పువారెవరు? 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము ప్రతి పాఠశాలకును ఆటస్థలము ఉండవలెననియు, ప్రతి తరగతికిని ఆటవస్తువులు సమకూర్పవలెననియు తన అనుబంధమున విధించినది. వ్యాయామవిద్యకు వేతనముపై పాక్షికకాల బోధకుని మాత్రము ఆఱవ తరగతినుండి ఎనిమిదవ తరగతివఱకే, అదియు విద్యార్థులు నూఱుమందికి మించినచోటనే విధించినది. ఒకటినుండి ఐదువఱకుగల తరగతులకు, అనగా దేహము మిక్కిలి వేగముగా నేర్చుకొనగల ఆ సంవత్సరములకు, చట్టము ప్రత్యేకముగా ఎవ్వరిని నియమింపలేదు. ఆనేకల్ పల్లెలలోని చిన్న ప్రాథమిక పాఠశాలకు ఒకరిద్దఱు ఉపాధ్యాయులు మాత్రమే ఉన్నచో, అక్షరములు నేర్పు చేతులే బంతి విసరుటను నేర్పవలెను. పీటీ మేష్టరు రావలెనని ఎదురుచూచుచు కూర్చుండినచో ఒకటవ తరగతి బిడ్డ ఆఱవ తరగతికి చేరును.

అట్లని తరగతి ఉపాధ్యాయులపై క్రొత్తబరువు మోపుమనుట లేదు. కర్ణాటక ప్రభుత్వపాఠశాలల చిన్నతరగతులలో నలికలి అను బోధనావిధానము నడచుచున్నది. దీని పుట్టుక తెలుగువారికి తెలియదగినది. 1995 ప్రాంతమున మైసూరుజిల్లా హెగ్గడదేవనకోటె ఉపాధ్యాయులు మదనపల్లె చేరువనున్న ఋషివ్యాలీ గ్రామీణవిద్యాకేంద్రమునకు పోయి, అచటి ఏకోపాధ్యాయ పాఠశాలలలో బిడ్డలు తమతమ వేగమున నిచ్చెన ఎక్కినట్లు మెట్టుమెట్టుగా చదువుకొను తీరును చూచి, దానిని తమ నేలకు తగినట్లు మలచుకొనిరి. పిదప అది రాష్ట్రమంతటను వ్యాపించినది. తెలుగుపల్లెలలో రూపొందిన ఆ నిచ్చెన ఇట్లు కన్నడదేశపు పసిపిల్లలకు చదువు నేర్పినది. ఆ విధానమున ప్రతిబిడ్డయు ఏ మెట్టున ఉన్నదో గోడపై గుర్తింపబడును. ఒక మెట్టు దాటినగాని తరువాతి మెట్టునకు పోదు. ముందున్నవారు వెనుకవారికి సాయపడుదురు. ఇదే నిచ్చెనను దేహమునకును ఏల కట్టరాదు? ఒంటికాలిపై ఐదు గెంతులు, పది గెంతులు, కాలు మార్చుచు గెంతుట. దొర్లు బంతిని ఆపుట, ఎగిరిన బంతిని పట్టుట, పరుగెత్తుచు పట్టుట. ఇట్లు మెట్లను గీచి, అక్షరముల పట్టిక ప్రక్కనే తగిలించినచో, ఆ ఉపాధ్యాయుడు ఎఱిగిన పద్ధతియే మైదానమున పనిచేయును. 1985లో డేల్ ఉల్రిక్ రూపొందించిన చలననైపుణ్యపరీక్షయును ఇట్టి దృష్టినే అవలంబించినది: బిడ్డ ఎంతదూరము విసరెనని కొలువక, ఎట్లు విసరెనని చూచును.

ఆ నిచ్చెనకు కావలసిన పాఠములు చాలవఱకు మన వీథులలో ఎప్పటినుండియో కలవు. తెలుగువారి తొక్కుడుబిళ్ళను ఆనేకల్ కన్నడబాలికలు కుంటెబిల్లె అని ఆడుదురు. దానిని ఒకసారి శ్రద్ధగా గమనింపుడు. మొదట బిళ్ళను నియతమైన గడిలో గీతపై పడకుండ విసరవలెను. అది బలమునకుగాక గురికి పరీక్ష. తరువాత ఒంటికాలిపై గెంతుచు గడులు దాటవలెను. తుదకు ఆ ఒంటికాలిపైననే నిలిచి, వంగి, బిళ్ళను తీసికొని, తూలకుండ లేవవలెను. కేంద్రప్రభుత్వపు ఖేలో ఇండియా పథకము ఐదునుండి ఎనిమిదేండ్ల బిడ్డలకు నిర్ణయించిన దార్ఢ్యపరీక్షలలో ఒకటి ఒంటికాలిపై నిలుచు ఫ్లెమింగో పరీక్ష. రెండవది బల్లపైనున్న రెండు బిళ్ళలను ఒకదానిపిదప ఒకటి వేగముగా చేతితో తట్టుట. మొదటిదానికి తొక్కుడుబిళ్ళయు, రెండవదానికి చెమ్మచెక్కయు, గచ్చకాయలును నిత్యాభ్యాసములు కావా? ఏడుపెంకులాటయందు, లేక లగోరియందు, గురి, పరుగు, ఒడుపు, వంగుట, నిలబెట్టుట అన్నియు కలవు. కోతికొమ్మచ్చిలో చేతులకు పట్టు, భుజములకు బలము కలుగును. నేటి నగరబాలురకు మిక్కిలి కొఱతవడినది అదియే.

అయితే మన పాత ఆటలను ఉన్నవి ఉన్నట్లు బడిలోనికి తెచ్చుట చాలదు. వానిలో చాలవాటియందు ఓడినవాడు ప్రక్కకు తొలగవలెననునది నియమము. వీథిలో అది ఆటకు రక్తి కలిగించును. బడిలో అది అన్యాయమగును. కుర్చీలాటలో మొదట తొలగువాడు ఎవ్వడు? మందగమనుడు, అనగా అభ్యాసము అందఱికంటె ఎక్కువ కావలసినవాడు. వాడు గోడకు ఆనుకొని పదినిమిషములు చూచుచుండగా, ముందే వేగముగలవాడు మఱింత వేగము నేర్చును. కావున ఔటైనవాడు ఐదుసార్లు గెంతి తిరిగి ఆటలోనికి రావచ్చునను ఒక్క సవరణ చేసినచో ఆట చెడదు, బిడ్డయు చెడడు. వరుసలో నిలుచుటయు ఇట్టి నష్టమునే కలిగించును. నలుబదిమందికి ఒక్క బంతి ఉన్నచో అరగంటలో ఒక్కొక్కనికి అది ఒకటిరెండుసార్లకంటె చేతికి రాదు. సమగ్రశిక్షా పథకము ప్రాథమికపాఠశాలకు ఏటా క్రీడాసామగ్రికి 5,000 రూపాయలు కేటాయించుచున్నది. ఆ ధనమును ఒక క్రికెట్ కిట్టునకు వెచ్చించుటకంటె, పెక్కు రబ్బరుబంతులును, త్రాళ్ళును, గింజలు నింపిన గుడ్డసంచులును కొనుట మేలు. ప్రతిచేతిలోను ఒక బంతి ఉండవలెను. ఇందు నేను రాజీపడజాలను.

మన దేశమున పాఠశాలా వ్యాయామము మొదటినుండియు డ్రిల్లురూపమున వచ్చినది. వరుసకట్టుట, చేతులెత్తుట, దించుట, ఒకటి రెండు మూడు అని లెక్కించుట. అది క్రమశిక్షణకు తోడ్పడును గాని బంతిని పట్టుట నేర్పదు. హారీ క్రో బక్ అను అమెరికా అధ్యాపకుడు 1920లో మదరాసున వై.ఎం.సి.ఏ. వ్యాయామ కళాశాలను స్థాపించి, ఆటలద్వారా శిక్షణయను భావమును దక్షిణాదికి తెచ్చెను. అంతకుముందే వీరఘట్టమున పుట్టిన కోడి రామమూర్తినాయుడు మదరాసు సైదాపేటలో వ్యాయామశిక్షణ పొంది, విజయనగరపు పాఠశాలలో వ్యాయామోపాధ్యాయుడై పనిచేసెను. ఱొమ్మున ఏనుగు నెక్కించుకొన్న వీరునిగా అతనిని లోకము స్మరించును. బడిపిల్లలకు నేర్పిన గురువుగా స్మరించువారు అరుదు.

ఎవరు వీరులగుదురో బాల్యమునందే ఏరి తీయవలెనను తొందర నేడు ప్రబలినది. ఇది శాస్త్రసమ్మతము కాదు. ఒక్క తరగతిలోనే బిడ్డల ప్రాయములందు దాదాపు ఒక సంవత్సరపు తేడా ఉండును. ఆఱేండ్లవారికి ఒక ఏడనగా జీవితములో ఆఱవవంతు. కెనడా మంచుహాకీ క్రీడాకారుల జన్మమాసములను రోజర్ బార్న్స్‌లీ మున్నగువారు 1985లో పరిశీలింపగా, ఏటి తొలిమాసములందు పుట్టినవారు మిక్కుటముగను, చివరి మాసములవారు కొలదిగను కనబడిరి. అచట వయోవర్గములు జనవరి మొదటితేదీతో లెక్కింపబడును. కొంచెము ముందు పుట్టినవాడు కొంచెము పొడవరి, వానిని ప్రతిభావంతుడనిరి, మంచి శిక్షకులు, ఎక్కువ ఆటలు వానికే దక్కినవి, క్రమముగా ఆ మాట నిజమైనది. జూన్‌లో చేరిన బిడ్డలను మన బడులలో ఏరునపుడును ఇదే జరుగును. చిన్నతరగతులలో జట్లకు ఏరుట పూర్తిగా మానవలెను.

ప్రపంచ ఆరోగ్యసంస్థ ఐదేండ్లు దాటిన బిడ్డలకు దినమునకు సగటున 60 నిమిషములైనను మధ్యస్థమునుండి తీవ్రమువఱకుగల శారీరకశ్రమ కావలెననియు, మూడునాలుగేండ్లవారికి వివిధములైన కదలికలు 180 నిమిషములైనను ఉండవలెననియు చెప్పుచున్నది. ఆనేకల్‌లో పొలములు లేఅవుట్లగుచు, తోపులు గోదాములగుచు, వీథులు లారీలకు దారియగుచున్న ఈ కాలమున ఆ నిమిషములు ఇంటివద్ద దొరకవు. ముఖ్యముగా బాలికలకు దొరకవు; తమ్ముని ఎత్తుకొనుట, నీళ్ళు పట్టుట, చీకటిపడకముందే గడపలోపల ఉండుట వారి వంతు. పెద్ద మైదానము లేని బడులును కలవు. అట్టిచోట వరండాయు, గోడయు, సుద్దగీతలును చాలును. ఎండ తీక్ష్ణమగుటకు ముందే, ఉదయపు మొదటి గంటలోనే ఆ పాఠము పెట్టవలెను. కాలు కుంటుపడిన బిడ్డయు, చూపు మందగించిన బిడ్డయు ప్రేక్షకులుగా మిగులరాదు; మువ్వలు కట్టిన బంతి, కొంచెము దగ్గఱ గీత, తోడుగా ఒక చేయి ఉన్నచో వారును నిచ్చెన ఎక్కుదురు.

దీనికంతకును బెంగుళూరులోని కార్యాలయమునుండి ఆజ్ఞ రావలసిన పనిలేదు. ప్రతి ప్రభుత్వపాఠశాలకును తల్లిదండ్రులతో కూడిన ఎస్.డి.ఎం.సి., అనగా పాఠశాలాభివృద్ధి పర్యవేక్షణ సమితి, కలదు. ఆ 5,000 రూపాయలతో ఏమి కొనవలెనో, ఉదయమున ఏ గంట ఆటపాఠమునకు విడువవలెనో ప్రధానోపాధ్యాయునితో కూర్చుండి ఆ సమితి మాటలాడవచ్చును. వారములో ఒకదినము తెలుగుతల్లి తొక్కుడుబిళ్ళను, కన్నడతల్లి లగోరిని, తమిళతల్లి తన ఊరి ఆటను వచ్చి చూపుటకు ఎవరి అనుమతియు అక్కఱలేదు. కొంగు బిగించి బిళ్ళ విసరుట వారిలో చాలమంది ఇంకను మఱువలేదు.