పాత చిన్న వ్యాపార జెట్ కొనుగోలు: లాగ్‌బుక్కుల ప్రాధాన్యం

నెల్లూరు జిల్లా పడమటి మెట్టప్రాంతంలోని కలువాయి, ఆత్మకూరు, ఉదయగిరి పల్లెల్లో పాత ట్రాక్టరు కొనదలచినవారు రంగు చూసి బేరమాడరు. మీటరులో ఎన్ని గంటలు తిరిగిందో చూస్తారు. ఆర్.సి. పుస్తకంలో ఫైనాన్సు కంపెనీ పేరు తొలగిందో లేదో అడుగుతారు. ఆరేడుగురు ప్రయాణించే పాత జెట్‌ను కొనేవారు అడగవలసిన ప్రశ్నలూ ఇవే. అయితే వాటికి సమాధానాలు విమానంలో కాక, దాని లాగ్‌బుక్కులలో దొరుకుతాయి. ఆ రాతలను ఎలా చదవాలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

వాడిన విమానాల కొనుగోలు తెలుగునేలకు కొత్త కాదు. 1945లో నిజాం ప్రభుత్వం, టాటా సంస్థ భాగస్వామ్యంతో ఏర్పడిన దక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట నుంచి డకోటాలను నడిపింది. రెండవ ప్రపంచయుద్ధానంతరం మిగులు సరుకుగా అమ్ముడైన డకోటాలే ఆనాటి భారతీయ విమానసంస్థలకు ప్రధానాధారం. 1953 నాటి జాతీయీకరణతో ఆ సంస్థ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో లీనమైంది. డకోటా లోపలి గాలిని పీడనంలో ఉంచే విమానం కాదు, జెట్ అటువంటిదే. ఎగిరిన ప్రతిసారీ దాని దేహం ఉబ్బి, దిగాక యథాస్థితికి వస్తుంది. తీగను పదేపదే వంచితే తెగినట్లు, లోహం ఈ క్రమంలో అలసిపోతుంది.

అందువల్ల జెట్ వయసును మూడు విధాలుగా లెక్కిస్తారు: ఎగిరిన గంటలు, దిగిన పర్యాయాలు, గడచిన సంవత్సరాలు. అరగంట ప్రయాణాలు వేయి చేసిన విమానం, రెండు గంటల ప్రయాణాలు రెండువందల యాభై చేసిన విమానం గంటల్లో సమానమే. లోహపు అలసటలో కావు. పదేళ్లుగా షెడ్డులోనే ఉంది కనుక కొత్తదానితో సమానమన్న అమ్మకందారు మాటా నమ్మదగినది కాదు. కదలని విమానంలో తుప్పు పుడుతుంది, రబ్బరు సీళ్లు ఎండిపోతాయి.

ఇంజన్ల లెక్క వేరు. తొలితరం సెస్నా సైటేషన్‌జెట్‌లోని విలియమ్స్ ఎఫ్‌జె44-1ఎ ఇంజన్‌కు 3,500 గంటలకు పూర్తి మరమ్మతు, అందులో సగానికి వేడిభాగాల తనిఖీ చేయాలి. ఆ గడువు సమీపించిన జెట్ చవకగా దొరికిందంటే, మరమ్మతు ఖర్చు కొనేవారి నెత్తిన పడబోతున్నదని అర్థం. అమ్మకందారు గంటకింతని చెల్లించే ఇంజన్ నిర్వహణ పథకంలో చేరి ఉంటే, ఆ ఒప్పందం కొత్త యజమానికి బదిలీ అవుతుందో లేదో ముందే తేల్చుకోవాలి.

ఆయుఃపరిమితి గల ప్రతి భాగానికీ తయారైన నాటినుంచి చరిత్ర ఉండాలి. ఒక లాగ్‌బుక్కు పోయిందంటే ఆ భాగం ఎంత వాడబడిందో రుజువు ఉండదు. చక్కగా పనిచేస్తున్నా మార్చవలసి రావచ్చు. కొనుగోలుకు ముందు తనిఖీని ఆ విమానాన్ని ఇంతకాలం సంరక్షించిన వర్క్‌షాపుకే అప్పగించడం సాధారణంగా జరిగే పొరపాటు. తన పనిలోని లోపాన్ని తానే బయటపెట్టడం ఎవరికైనా కష్టమే. ఇంజన్ లోపలికి సన్నని కెమెరా పంపి బ్లేడ్లను చూడకుండా సంతకం చేయరాదు.

అప్పుల సంగతి చూడాలి. అమెరికాలో నమోదైన విమానమైతే ఓక్లహోమా సిటీలోని రిజిస్ట్రీలోనూ, 2001 నాటి కేప్‌టౌన్ ఒప్పందం కింద నడిచే అంతర్జాతీయ రిజిస్ట్రీలోనూ వెదకాలి. భారతదేశం ఈ ఒప్పందంలో 2008లో చేరింది. దానికి చట్టరూపమిచ్చే శాసనం 2025లో వచ్చింది.

ఆపై విదేశీ నమోదును రద్దు చేయించి, డి.జి.సి.ఎ. వద్ద వి.టి. అక్షరాలతో నమోదు చేయించాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి సొంత వినియోగ విమానాలపై జి.ఎస్.టి. 40 శాతం. అలా తెచ్చిన జెట్‌ను అద్దెకు తిప్పరాదు. తిప్పాలంటే నాన్‌షెడ్యూల్డ్ అనుమతి కావాలి. ఈ ఎంపిక కొనుగోలుకు ముందే జరగాలి.

కలువాయివాసి ఇన్నీ దాటి జెట్ కొన్నా, దగదర్తి విమానాశ్రయం ఇంకా నిర్మాణం కాలేదు కనుక రేణిగుంటకో కడపకో కారులో వెళ్లి ఎక్కవలసిందే. పార్కింగు, బీమా, పైలట్ల జీతాలు మాత్రం విమానం ఎగరని నెలలోనూ చెల్లించాలి.