చేరకముందే చెప్పవలసిన మాట

షాబాన్ నెలలో ఒక సాయంత్రం. మందమర్రిలో రెండవ షిఫ్టు వారు గనిలోకి దిగిపోయారు, అసర్ నమాజు ముగిసింది. మా వద్ద చిన్నతనంలో నాజిరా ఖుర్ఆన్ చదివిన ఒక యువకుడు రెండు కాగితాలు పట్టుకొని మదరసాకు వచ్చాడు. మొదటిది భూగర్భ గనిలో బదిలీ వర్కరుగా నియామక ఉత్తర్వు. తండ్రి సర్వీసులో ఉండగానే మరణించినందున కారుణ్య నియామకం కింద వచ్చింది. రెండవది, హజ్ కమిటీ లాటరీలో తల్లీకొడుకుల పేర్లు వచ్చినట్లు తెలిపే పత్రం. తండ్రి తాలూకు గ్రాట్యుటీ సొమ్ములో నుండి కిస్తీలు కూడా కట్టి ఉన్నారు. జిల్‌ఖాదాలో ప్రయాణం. వెళ్ళి రావడానికి 40 రోజులు.

"ఉస్తాద్‌జీ, డ్యూటీలో చేరేటప్పుడు ఈ సంగతి చెప్పమంటారా?" అని అడిగాడు.

వాడకట్టులోని పెద్దలు అప్పటికే అతనికి సలహా ఇచ్చారు. ముందు చేరిపో, సంతకం పడనివ్వు, ప్రయాణం దగ్గర పడ్డాక సిక్కు పెట్టు, ఇప్పుడే నోరు విప్పితే చేతికొచ్చిన ఉద్యోగం పోతుంది అని. వారిని మేము తప్పు పట్టడం లేదు. ఈ ఊరిలో గని ఉద్యోగం అంటే ఒక కుటుంబానికి ముప్పై ఏళ్ళ అన్నం. ఆ భయం మాకూ తెలుసు.

భయానికి లెక్క కూడా ఉంది. బదిలీ కార్మికుడు జనరల్ మజ్దూర్ కావాలంటే ఏడాదిలో భూగర్భంలో 190, ఉపరితలంలో 240 మస్టర్లు నిండాలి. ఇతడు రమజాన్ తరువాత చేరవలసి ఉంది. డిసెంబరు దాకా తొమ్మిది నెలలు, నెలకు 25 చొప్పున 225 మస్టర్లు. ప్రయాణంలో ఆదివారాలు తీసివేస్తే 35 పోతాయి. మిగిలేవి సరిగ్గా 190. నడుమ ఒక్క జ్వరం వచ్చినా లెక్క తప్పుతుంది. గని కార్మికులకు దశాబ్దాలుగా వర్తించిన 1952 నాటి గనుల చట్టం ప్రకారం భూగర్భంలో పనిచేసేవారికి 15 రోజుల పనికి ఒక రోజు, పైన పనిచేసేవారికి 20 రోజులకు ఒక రోజు జీతంతో కూడిన సెలవు. నెలన్నర సర్వీసుకు ఆ లెక్కన మూడు రోజులైనా కూడవు. అంటే ఈ 40 రోజులు అతని హక్కు కాదు. అడిగి పొందవలసినవి.

తల్లి ఒక్కతే వెళ్ళకూడదా అని పాఠకులు అనుకోవచ్చు. 45 ఏళ్ళు దాటిన స్త్రీలు మహ్రమ్ లేకుండా బృందంగా వెళ్ళడానికి 2018 నుండి మన దేశంలో అనుమతి ఉంది. కానీ హనఫీ ఫిఖహ్ ప్రకారం అంత దూర ప్రయాణానికి మహ్రమ్ తోడు కావాలి. పైగా ఆమెకు మోకాళ్ళ నొప్పులు. కొడుకు చేయి పట్టుకోకుండా తవాఫ్ చేయలేని మనిషి.

మేము అతనికి ముందుగా చెప్పింది మన ఫుఖహాలు 'అజీరె ఖాస్' అని పిలిచే మనిషి గురించి. ఒకే యజమాని వద్ద నిర్ణీత సమయానికి కుదిరినవాడు తన పనినే కాదు, ఆ సమయాన్నే అమ్ముకున్నవాడు. రాబోయే రోజులలో 40 రోజులను ముందే మరొక పనికి కేటాయించి, ఆ మాట దాచి, మొత్తం కాలాన్ని అమ్మడం ఎలాంటి బేరం? మదీనా బజారులో దైవప్రవక్త (స) ధాన్యపు రాశిలో చేయి పెట్టినప్పుడు లోపల తడి తగిలింది. వాన పడిందని వ్యాపారి చెప్పుకున్నాడు. ఆ తడిసిన ధాన్యం ప్రజలకు కనిపించేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన (స) అడిగారు. గమనించండి, వాన పడడం ఆ వ్యాపారి తప్పు కాదు. మన యువకునికి లాటరీ ముందుగా రావడమూ తప్పు కాదు.

మద్‌యన్‌లో మూసా (అలై) కుదిరిన ఒప్పందం అల్ ఖసస్ సూరాలో ఉంది. పెద్దాయన ఎనిమిదేళ్ళ పని అడిగారు, పదేళ్ళు పూర్తి చేస్తే అది నీ ఇష్టం అన్నారు. మూసా (అలై) కూడా, ఈ రెండింటిలో ఏ గడువు పూర్తి చేసినా తనపై ఒత్తిడి ఉండరాదని తన మాట తాను తేల్చుకున్నారు. కాలపు లెక్క పనిలో దిగకముందే ఇరువైపులా తెలిసిపోయింది.

ఇంతకంటే దగ్గరి ఉదాహరణ హజ్రత్ హుజైఫా (రజి)ది. బద్ర్ యుద్ధానికి ముందు ఆయననూ, ఆయన తండ్రినీ ఖురైషులు దారిలో పట్టుకొని, యుద్ధంలో పాల్గొనబోమని మాట తీసుకొని వదిలారు. వారు వచ్చి ఆ సంగతి దాచకుండా ప్రవక్త (స)కు విన్నవించారు. ఒక్కొక్క మనిషీ అవసరమైన రోజు అది. అయినా ముందు ఇచ్చిన మాట నిలుపుకోండని ఆయన (స) వారిని పంపించివేశారు. ఇక్కడ పని చేసేవారికీ పాఠం ఉంది, పని చేయించేవారికీ ఉంది. రెండవదాన్ని మనం తరచుగా మరచిపోతాము.

గల్ఫ్‌లో ఉన్న మన కరీంనగర్, ఆదిలాబాద్ పిల్లలు కూడా ఈ చిక్కులో పడుతుంటారు. హజ్ జరిగే గడ్డ మీదే, సౌదీ కార్మిక చట్టం హజ్ కోసం 10 నుండి 15 రోజుల సెలవును సర్వీసులో ఒక్కసారి ఇస్తుంది. అదీ ఒకే యజమాని వద్ద వరుసగా రెండేళ్ళు పనిచేసినవారికి. కొత్తగా చేరినవాడు అక్కడైనా అడిగే పుచ్చుకోవాలి.

ఎలా అడగాలన్నది తరువాతి మాట. నియామక ఉత్తర్వు చేతికి వచ్చాక, చేరిక కాగితంపై సంతకం పెట్టకముందు చెప్పడం మేలని అన్నాము. తేదీలు రాసి, హజ్ పత్రం నకలు జతచేసి, జీతం లేకుండానే సెలవు కోరుతూ దరఖాస్తు ఇమ్మన్నాము. 'నేను వెళ్తున్నాను' అని కాకుండా 'అనుమతి ఇప్పించండి' అని రాయమన్నాము. అన్నూర్ సూరాలో, సమష్టి కార్యంలో ఉన్నవారు అనుమతి కోరాలని ఉంది, వారిలో తాను కోరినవారికి అనుమతి ఇచ్చే స్వేచ్ఛ నాయకునికి ఉంది. కాదంటే ఏం చేయాలో కూడా ఇంట్లో మాట్లాడుకొమ్మన్నాము. రద్దు చేసుకుంటే కట్టిన సొమ్ములో కోత పడుతుంది. ఆ నష్టం భరించగలరా అన్నది తల్లితో తేల్చుకోవలసిన విషయం.

ఇదంతా అతనికి చెబుతున్నప్పుడు మాకు మా సంగతే గుర్తొచ్చింది. ముప్పై ఏళ్ళ క్రితం మేము మొదటిసారి ఒక మదరసాలో ఉస్తాదుగా చేరినప్పుడు, బెల్లంపల్లిలో మా చెల్లెలి నికాహ్ తేదీ అప్పటికే ఖాయమై ఉంది. అడిగితే చేర్చుకోరేమోనని చెప్పలేదు. పదవ రోజున సెలవు అడిగాము. నాజిమ్ సాబ్ కాదనలేదు. "మౌల్వీ సాబ్, ముందే చెప్పి ఉంటే పిల్లల పరీక్షలు వారం వెనక్కి జరిపేవాళ్ళం" అన్నారు, అంతే. ఆ తరువాత ఆయన వద్ద పనిచేసిన నాలుగేళ్ళలో మేము ఏ సెలవు అడిగినా, ఒక క్షణం మా ముఖంలోకి చూసి గాని సంతకం పెట్టేవారు కాదు.

యువకుడు మరునాడే కాగితాలతో మేనేజరు గారిని కలిశాడు. ఆయన ముస్లిం కాదు. చాలాసేపు కాగితాలు చూసి, జీతం రాదు, మస్టర్లూ పడవు, ఆ నష్టం నీదే, తెలుసా అని అడిగారట. తెలుసన్నాడు. ప్రయాణానికి 15 రోజుల ముందు మళ్ళీ ఒక దరఖాస్తు ఇమ్మన్నారు. ఆ తేదీలను అప్పుడే తన డైరీలో రాసుకున్నారట.

జిల్‌హిజ్జా చివరలో తల్లీకొడుకులు తిరిగి వచ్చారు. వానాకాలంలో అతనికి నిజంగానే జ్వరం వచ్చింది. డిసెంబరు ముగిసేసరికి ఆరు మస్టర్లు తక్కువ పడ్డాయి. మరో ఏడాది బదిలీ వర్కరుగానే ఉండవలసి వచ్చింది. ఆ మాట చెప్పడానికి వచ్చినప్పుడు వెంట తల్లి కూడా ఉంది. ఆరు మస్టర్ల సంగతి అతడు చెబుతుండగా, ఆమె అరఫాత్ మైదానంలో చేసిన దుఆలో మేనేజరు గారి పిల్లల పేర్లు కూడా చేర్చానని చెప్పింది. ఆ పేర్లు కొడుకును పంపి కనుక్కున్నదట.